సైడు ఇవ్వని బస్సు

పోయిన మంగళవారం పదకొండు దాటి ఐదు నిమిషాలకు నా కాటా మీదికి ఒక బస్సు వచ్చింది. దానంతట అది రాలేదు. రికవరీ లారీ ఒకటి లాక్కొచ్చింది. లారీని విడిపించి, బస్సును ఒక్కదాన్నే తూచాను. నాలుగు వేల మూడు వందల పది కిలోలు. సీట్లు, అద్దాలు, లోపలి చెక్కసామాను అప్పటికే పీకేశారు. వెనకవైపు పచ్చరంగు మీద తెల్ల అక్షరాలు మాత్రం మిగిలాయి: "హారన్ కొట్టు, సైడు ఇస్తా".

ఆ రాత చూసి కుర్చీలోంచి లేచాను.

"ఈ బస్సాయన ఏమైనాడప్పా?" అని లారీ డ్రైవరును అడిగాను.

"పోయినాడంటవ్వా. ఆర్నెల్లుగా యాడో షెడ్డులో నిలబడుండాదంట. పాతినుము కింద కోసేదానికి తీసకపోతాండా. రోంత బిన్నా చీటీ ఇయ్యి, పొద్దుపోతాండాది."

"దీని వెనక కారుండాల కదా?"

"ఏం కారు?" అన్నాడు.

చిత్తూరు నుంచి బెంగళూరు పోయే రోడ్డులో, బంగారుపాళ్యం దాటాక, మొగిలి ఘాటు ఎక్కడానికి ముందు ఉంది నా కాటా. లారీని సరుకుతో సహా తూచే పెద్ద కాటా. మా ఆయన పెట్టింది. ఆయన పోయాక ముప్పై ఒక్క ఏళ్ళుగా నేనే చూస్తున్నాను. మామిడి కాలంలో రోజుకు నూరు బండ్లు, మిగతా కాలంలో పది పన్నెండు. మిషను చీటీ ముద్రించి ఇస్తుంది, అయినా నేను రిజిస్టరు రాస్తాను. వేళ, బండి నంబరు, బరువు, ఎక్కడి నుంచి, ఎక్కడికి. ఐదు గడులు. ఐదూ నిండాలి.

ఆ మనిషికి సంబంధించి ఐదో గడి ఒక్కసారి కూడా నిండలేదు.

మొదటిసారి ఆరేళ్ళ కిందట, ఆషాఢంలో వచ్చాడు. ఒక పాత బస్సు కొని, లోపల మంచం, గ్యాసు పొయ్యి, నీళ్ళ ట్యాంకు, మూలన చిన్న బాత్‌రూము పెట్టి ఇల్లుగా మార్చుకున్నాడు. ఆ ఇంటి వెనక ఇనుప కడ్డీతో ఒక పాత తెల్ల కారును తగిలించి, కన్యాకుమారి నుంచి కాశ్మీరు దాకా లాక్కుని తిరిగేవాడు. డెబ్బై దాటిన మనిషి, బక్కగా, మోచేతుల దాకా మడిచిన ఖాకీ చొక్కా. బస్సు దిగీ దిగగానే ఒక కట్టె తీసుకుని టైర్లు ఒక్కొక్కదాన్నీ కొట్టి చెవి పెట్టి వినేవాడు. దాన్ని బట్టి పాత లారీ డ్రైవరని తెలిసింది. అతను చెప్పలేదు.

"మీది యా ఊరప్పా?" అని అడిగాను.

"ఘాటు ఎక్కాల కదక్కా, బరువు తెలిసుండాల. ముందు బస్సును, తర్వాత కారును యేరేగా తూసియ్యి" అన్నాడు.

ఊరు అడిగితే బరువు చెప్పాడు. మాట చూస్తే మన జిల్లా మాటే. మన జిల్లా మనిషి ఊరు దాచాడంటే ఏదో ఉండాలి.

మా వైపు ఎవరిని అనుమానించినా ముందు తట్టేది ఎర్రచందనమే. పాలక్యాన్లలో పోయిందని విన్నాం, టమాటా బుట్టల కింద పోయిందని విన్నాం. ఇల్లే కదిలిపోతుంటే అందులో ఎన్ని దుంగలు పడతాయో నేను లెక్క వేయకుండా ఉండలేను. పైగా ఇంత బస్సుండగా మళ్ళీ కారెందుకు? ఊళ్ళ సందుల్లో తిరగడానికంటే సరే. కానీ ఆ కారును అతను విడదీసి నడపడం నేను చూడలేదు. దాని కిటికీలకు ముదురు నీలం పరదాలు. ముందు అద్దం మాత్రం తళతళ మెరిసేది. బయలుదేరే ముందు తడిగుడ్డతో ఆ అద్దం తుడిచేవాడు, ఆరాక పొడిగుడ్డతో మళ్ళీ తుడిచేవాడు. తాను నడిపే బస్సు అద్దం మీద పురుగులు అతుక్కుని ఉన్నా పట్టించుకునేవాడు కాదు. ఎవరూ నడపని కారుకు అద్దం అంత శుభ్రంగా ఎందుకుండాలి?

ఇంకొకటి చూశాను. నా కొళాయి దగ్గర రెండు ప్లేట్లు కడిగాడు. ఒంటి మనిషికి రెండు ప్లేట్లు. బయట తీగ మీద ఆరేసింది మాత్రం ఒక్క లుంగీ.

రోడ్డు మీద అంత మర్యాదస్తుడు ఉండడని చెప్పాలి. నా గేటు ముందు నుంచి చాలా దూరం కనబడుతుంది. వెనక ఎవరొచ్చినా, లారీ గానీ స్కూటరు గానీ, కుడిచెయ్యి బయటకు పెట్టి "పో, పో" అని ఊపి, బస్సును ఎడమకు తీసి దారి ఇచ్చేవాడు. ఒకసారి గడ్డి ట్రాక్టరుకు కూడా ఇచ్చాడు. అంత ఒదిగి పోయే మనిషి మీద కూడా నాకు అనుమానమే కలిగింది. తప్పు చేసేవాళ్ళే రోడ్డు మీద గొడవ పడకుండా పోతారు.

ఇక ఐదో గడి సంగతి. బయలుదేరిన మనిషిని "ఎక్కడికి" అని అడగకూడదని మా వైపు పట్టింపు. తప్పనిసరైతే "దూరమా?" అంటారు. ఎవరైనా తెలియక అడిగారో, ఆ మనిషి ఆగి, కాసేపు కూర్చుని, నీళ్ళు తాగి గానీ కదలడు. నా రిజిస్టరులో ఆ గడి ఉంది కాబట్టి నాకు ఆ పట్టింపు పనికిరాదు. లారీవాళ్ళు అలవాటు పడిపోయి, నేను అడగకముందే "హోసూరవ్వా", "బెంగళూరవ్వా" అని అరిచి చెప్పేస్తారు. ఇతను చెప్పలేదు. మొదటిసారి ఇంజను స్టార్టు చేశాక కిటికీ దగ్గరికి వెళ్ళి అడిగాను.

"యాడికి?"

ఇంజను ఆపేశాడు. దిగి వచ్చి, నా వరండాలో కూర్చుని, చెంబెడు నీళ్ళు పైనుంచి గొంతులో పోసుకున్నాడు. సరిగ్గా పావుగంట కూర్చున్నాడు. "అట్లా అడిగితే ఎట్లక్కా" అని మాత్రం అన్నాడు, కోపం లేకుండా. తర్వాత లేచి వెళ్ళిపోయాడు. గడి ఖాళీగా ఉండిపోయింది. వెళ్ళేటప్పుడు రెండు హారన్లు వినబడ్డాయి. ఒకటి బస్సుది, లావుగా. ఇంకొకటి సన్నగా, వెనకనుంచి. రోడ్డు మీద వేరే బండి లేదు.

రెండోసారి ఆ ఏడాదే మార్గశిరంలో వచ్చాడు. ఈసారి నేను అతనికి చెప్పకుండా రెండుసార్లు తూచాను, వచ్చినప్పుడు ఒకసారి, వెళ్ళేటప్పుడు ఒకసారి. రెండుసార్లూ నీళ్ళ ట్యాంకు నిండుగానే ఉంది, చూసుకున్నాను. వచ్చినప్పుడు బస్సు ఐదు వేల ఎనిమిది వందల తొంభై, కారు ఆరు వందల యాభై. వెళ్ళేటప్పుడు బస్సు ఐదు వేల ఎనిమిది వందల నలభై, కారు ఏడు వందలు. కూడితే రెండుసార్లూ ఆరు వేల ఐదు వందల నలభై. బయటి నుంచి ఏదీ ఎక్కలేదు, దిగలేదు. యాభై కిలోల సరుకేదో బస్సులోంచి కారులోకి మారింది. నా ఆవరణలో, నా కళ్ళ ముందు, నాకు తెలియకుండా.

ఒక మంచి దుంగ యాభై కిలోలుంటుంది.

మూడోసారి వచ్చేసరికి ఫారెస్టు చెక్‌పోస్టు నంబరు రాసి గోడ అద్దం వెనక పెట్టుకున్నాను. చైత్రం, బుధవారం. వచ్చినప్పుడు తూచాను. మధ్యాహ్నం మూడుకు బయలుదేరబోతే మళ్ళీ తూచాను. అదే యాభై. ఫోను చేశాను. అర్ధగంటలో వస్తామన్నారు. అతను అప్పటికే కారు అద్దం తుడిచేసి, ఇంజను స్టార్టు చేశాడు. అర్ధగంట ఆపాలి. ఎలా ఆపాలో నాకు తెలుసు.

"యాడికప్పా?" అని గట్టిగా అడిగాను.

ఇంజను ఆగింది. దిగి వచ్చి చెంబు ఎత్తాడు. ఆ సమయంలోనే సన్నటి హారన్ మోగింది. ఒకసారి కాదు, ఆపకుండా. బస్సు నా ఎదురుగానే ఉంది, అందులో ఎవరూ లేరు. నేను నేరుగా కారు దగ్గరికి నడిచాను.

కారు కిటికీ అద్దం కిందికి దిగింది. స్టీరింగు వెనక ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. అరవై ఐదేళ్ళుంటాయి. తల నున్నగా దువ్వి ఉంది. ఒళ్ళో ఒక తోలుసంచి, రెండు చేతులూ స్టీరింగు మీద. యాభై కిలోలకు ఎక్కువ ఉండదు.

"ఏమమ్మా, కాటా నీదేనా?" అని నన్నే దబాయించింది. "ఈ బస్సోడికి రోంత చెప్పు. యాడనుంచి వస్తాండానో, ముందర అడ్డం పెట్టుకోని పోతాండాడు. వెనకేమో హారన్ కొట్టు సైడు ఇస్తా అని రాసుకున్నాడు. కొట్టి కొట్టి నా బొటనవేలు నొప్పి పుట్టింది. ఇస్తాడా? ఇయ్యడు!"

అలవాటు కొద్దీ నా నోటికి వచ్చింది ఒక్కటే.

"నువ్వు యాడికి పోవాలమ్మా?"

"యాడికేంది, ఇంటికి. మా ఆయన లారీ దిగి వచ్చే పొద్దయింది. అన్నం వండాల."

అతను చెంబుతోనే పరిగెత్తుకుని వచ్చాడు. నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి చెప్పాడు. "ఊరు పేరు మాత్రం అడగొద్దక్కా. చెవిన పడితే దిగేసి నడుస్తాది. ఒకతూరి అట్లే ఎవురో అడిగితే చెప్పినా. నాలుగు లైన్ల రోడ్డు మధ్యలో దొరికింది, లారీలు పోతాంటే. ఇల్లు ఆడ లేదక్కా. రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయింది. ఇంటి మిందనే రోడ్డు ఉండాది. పోయి ఏం చూపిచ్చేది?"

ఆమె అతని భార్య, ఊళ్ళు తిరిగి టీకాలు వేసే నర్సు. అతను నెలలో ఇరవై రోజులు లారీ మీద ఉత్తరదేశంలో ఉంటే, ఆమె సొంతంగా కారు నేర్చుకుని, సాయంత్రానికి ఇల్లు చేరేది. మతి తప్పాక మనుషులు మరుగున పడ్డారు, ఆ కారు మాత్రం పడలేదు. ఎక్కడ ఆగినా, బయలుదేరే వేళకు తన కారులో తాను కూర్చుంటే గానీ ఒప్పుకోదు. తాళంచెవి అతని జేబులో ఉంటుంది. ఐదు కిలోమీటర్లు మెల్లగా లాగి, మొగిలి దగ్గర ఆపి, టీ తాగుదామని పిలిస్తే దిగి బస్సులోకి వస్తుందట.

"ఐదు కిలోమీటర్లయినా తప్పు తప్పే. లాగే కారులో మనిషిని కూర్చోబెడతారా? కడ్డీ ఊడితే?" అన్నాను.

"ఇంకేం చేసేదక్కా?"

దానికి నేను జవాబు వెతుక్కునే లోపే జీపు వచ్చి నిలబడింది. ఇద్దరు దిగారు. ఒకతను లావాటివాడు, చేతిలో అట్టపుస్తకం. దుంగలుంటాయని పిలిచింది నేనే. ఇప్పుడు పుస్తకం తెరిచి మొదట అడిగేది పేరు, ఊరు. ఆమె కిటికీ అద్దం ఇంకా దించే ఉంది. మా ముందు యాభై అడుగుల దూరంలో రోడ్డు, దాని మీద లారీలు.

"ఏదవ్వా యాభై కిలోలు?" అన్నాడు.

"కాటా తప్పు చూపించిందప్పా," అన్నాను.

ముప్పై ఒక్క ఏళ్ళలో నా కాటా తప్పని నేను ఎవరితోనూ ఒప్పుకోలేదు. మామిడి వ్యాపారులు గొడ్డలి పట్టుకుని వచ్చినప్పుడు కూడా ఒప్పుకోలేదు.

"నీ కాటానా!" అని లావాటివాడు నవ్వాడు. "పొద్దు పడమట పొడిచిందేమో సూడరా. సరే, ఈ పెద్దాయనది యా ఊ—"

"మా తమ్ముడు," అన్నాను. "నాకు తమ్ముడవుతాడు. ఆమె మరదలు. రాయాల్సింది ఏమన్నా ఉంటే నన్నడుగు."

అతను నన్నూ చూశాడు, బస్సునూ చూశాడు. నమ్మలేదు. నేనైనా నమ్మను. కానీ పుస్తకం మూశాడు. అంతలో కారులోంచి కేక వినిపించింది. "ఏమప్పా, ఖాకీ గుడ్డలేసుకున్నావే! బస్సోడు సైడు ఇయ్యకపోతే అడగవా? జీతం దేనికి?"

లావాటివాడు బిత్తరపోయాడు. అతనికి రెండు ముక్కల్లో సంగతి చెప్పాను. చెబుతుండగానే, ఇంకేం చేసేదక్కా అని బస్సాయన అడిగినదానికి జవాబు తట్టింది.

"కారు విడదీయండి. తొయ్యండి" అన్నాను.

మామిడి కాలం ఇంకా మొదలవలేదు కాబట్టి నా ఆవరణ రెండెకరాలూ ఖాళీ. కడ్డీ తీసేశారు. అతనూ, జీపు వాళ్ళిద్దరూ కారు వెనక చేరారు. నేను చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, మూడు మెట్లెక్కి, బస్సు డ్రైవరు సీటులో కూర్చున్నాను. స్టీరింగు వేడిగా ఉంది. వెనక హారన్ మోగింది. అతను ఎలా పెట్టేవాడో అలాగే కుడిచెయ్యి బయటకు పెట్టి ఊపాను.

"పో తల్లీ, పో!"

ముగ్గురు మగవాళ్ళు రొప్పుతూ తోస్తుంటే కారు బస్సు పక్కనుంచి ముందుకు సాగింది. కిటికీ నా కిందికి వచ్చినప్పుడు ఆమె తలెత్తి నన్ను చూసింది. "ఇన్నాళ్ళకు బుద్ధొచ్చింది నీకు!" అంది. బస్సును దాటి ఇరవై గజాలు పోయాక బ్రేకు తొక్కింది. సంచి భుజాన వేసుకుని తానే దిగింది. చుట్టూ చూసింది. నేను బస్సు దిగి వచ్చేసరికి నా వరండా గట్టు మీద కూర్చుని ఉంది.

"వచ్చేసినా. ఏం ట్రాఫిక్కమ్మా! రోంత నీళ్ళియ్యి."

ఇచ్చాను. లావాటివాడు చొక్కాతో మొహం తుడుచుకుంటూ, "అవ్వా, ఇంకోతూరి కాటా తప్పు చూపిస్తే మాకు ఫోను చెయ్యొద్దు, నడుము పోయింది" అన్నాడు.

ఆ తర్వాత ఆమె కారు అడగలేదు. మూడుసార్లు వచ్చారు. మూడుసార్లూ వచ్చినప్పుడూ వెళ్ళేటప్పుడూ బస్సు ఐదు వేల ఎనిమిది వందల తొంభై, కారు ఆరు వందల యాభై. ఆమె బస్సులో ముందు సీటులో కూర్చునేది. "ఈ బస్సోడు మంచోడేనమ్మా. పిలిచి ఎక్కించుకున్నాడు" అని నాకు చెప్పింది ఒకసారి. అయినా అతను కారును లాక్కునే తిరిగాడు, అద్దం తుడుస్తూనే ఉన్నాడు. ఎందుకంటే, "మళ్ళీ కారు అడిగితే ఎట్లక్కా" అనేవాడు.

చివరిసారి పోయిన కార్తీకంలో, సోమవారం వచ్చాడు. బస్సు ఐదు వేల ఎనిమిది వందల నలభై చూపింది. కారులో ఉందేమోనని కారును తూచాను. ఆరు వందల యాభై.

"ఎంత చూపిస్తాండాదక్కా?" అని కిటికీలోంచి అడిగాడు.

చెప్పాను.

"ఆ పొద్దు మాదిరి కాటా తప్పేమో, సూడక్కా."

బస్సును వెనక్కి తీయించాను. కాటా సున్నాకు వచ్చిందని అతనికి కూడా కనిపించేలా చూపించాను. మళ్ళీ ఎక్కించాను. అదే అంకె. పైకి చదివి వినిపించలేదు. అతను దిగి కొళాయి దగ్గర ఒక ప్లేటు కడుక్కున్నాడు. కారు అద్దం తడిగుడ్డతో తుడిచాడు, ఆరాక పొడిగుడ్డతో తుడిచాడు. ఎక్కి ఇంజను స్టార్టు చేశాడు. కానీ కదలలేదు. నా వైపే చూస్తున్నాడు.

నేను రిజిస్టరు మూసి కిటికీ దగ్గరికి వెళ్ళాను.

"యాడికప్పా?"

ఇంజను ఆగింది. నిదానంగా దిగి వచ్చాడు. నీళ్ళు తాగి, గట్టు మీద ఆమె కూర్చున్నచోటే కూర్చున్నాడు. పదకొండుకు కూర్చున్న మనిషి సాయంత్రం నాలుగు దాకా లేవలేదు. పొమ్మని నేను అనలేదు. లేచి వెళ్ళేటప్పుడు రెండోసారి అడగలేదు.

దారి పొడవునా ఎన్నో కాటాలున్నాయి. ఘాటు ఎక్కడానికి ఆ బరువు అన్నిసార్లు తెలియాల్సిన పని లేదు. బయలుదేరిన మనిషిని అడిగి ఆపేదాన్ని ఈ రోడ్డు మీద నేనొక్కదాన్నే కాబట్టి నా దగ్గరికి వచ్చేవాడని నా అనుమానం. అడిగి తేల్చుకునే వీలు ఇక లేదు.

మంగళవారం రికవరీ లారీకి చీటీ ఇచ్చాను. డ్రైవరు బస్సును మళ్ళీ తగిలించుకుని ఇంజను స్టార్టు చేశాడు. నేను కర్ర పట్టుకుని కిటికీ దాకా నడిచాను.

"యాడికప్పా?" అన్నాను.

"చెప్పినా కదవ్వా, కోసేదానికి" అన్నాడు. ఇంజను ఆపలేదు.